చెరువు కింది చుట్టాలు

మొదటి రోజు, గురువారం: నర్సంపేట, పాకాల

2021 చివర్లో మా మేనమామ మూడెకరాల మిరప తోటను తానే దగ్గరుండి దున్నించేశాడు. పూతలోకి నల్లతామర పురుగు దిగింది. పువ్వును అరచేతి మీద తట్టితే మిరియాల పొడి రాలినట్టు పురుగులు రాలేవి. వారానికి రెండుసార్లు మందు కొట్టినా పూత నిలవలేదు. ఆ ఏడాది వరంగల్, ఖమ్మం వైపు అలా పోయిన తోటల సంగతి మిరప వేసే వాళ్లెవరూ మరచిపోలేదు. అప్పటి నుంచి నేను ఎప్పుడు ఊరికి వెళ్లినా మామ అడిగే మాట ఒకటే. "పిల్లలకు మొక్కల పాఠం చెబుతావు కదా బిడ్డా, ఈ పురుగును తట్టుకునే మిరప ఎక్కడా లేదా?"

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే నా దగ్గర ఆ ప్రశ్నకు సూటి జవాబు లేదు. ఈసారి కార్తీకం మొదట్లో అయిదు రోజులు సెలవు దొరికింది. మామ కారు తీశాడు. పంటకు కావలసిన గుణం ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరి దగ్గర దాగి ఉంటుందో ఆయనకు కళ్లారా చూపించాలని నా కోరిక.

మొదట పాకాల. కాకతి గణపతిదేవుని కాలం నాటి చెరువు, చుట్టూ అభయారణ్యం. అక్కడ ఆకు తెంపాలన్నా అనుమతి కావాలి. అందుకని కట్ట దిగి, ఆయకట్టు పొలాల మధ్య కాలువ వెంట నడిచాం. వరి కోతకు వచ్చి ఉంది. పొలం గట్టు దాటి నాలుగడుగులు వేస్తే, మోకాలి లోతు నీటి గుంటలో ఇంకో వరి కనిపించింది. కాండాలు నిలబడక నీళ్ల మీద వాలి ఉన్నాయి. కంకులు పలచన. గింజ గింజకూ చూపుడు వేలంత పొడవు ముల్లు, లేత ఎరుపు రంగు.

"ఇది కలుపు. మేం పీకి గట్టు మీద పారేస్తాం," అన్నాడు మామ.

ఇదే నివ్వరి. సంస్కృతంలో నీవారం. 1965లో మన దేశపు శాస్త్రవేత్తలు శర్మ, శాస్త్రి దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆ పాత మాటనే తీసుకుని ఒరైజా నివారా అన్నారు. రుషి పంచమి నాడు నాగలి తగలని ధాన్యమే తినాలని నోము పట్టే ఇళ్లలో నివ్వరి బియ్యం మాట ఇప్పటికీ వినబడుతుంది. మామకు ఆ నోము తెలుసు, వాళ్ల అమ్మ చేసేది. ఆ బియ్యం ఈ గడ్డిదేనని మాత్రం తెలియదు.

ఒక కంకిని మెల్లగా వంచాను. వంచీ వంచకముందే మూడు గింజలు నీళ్లలో పడిపోయాయి. పొలంలో వరి కంకిని అలాగే వంచితే ఒక్కటీ రాలదు. అడవి మొక్కకూ పంటకూ మధ్య మొదటి గోడ ఇదే. తన విత్తనాన్ని తానే చల్లుకోవలసిన మొక్క గింజను పట్టి ఉంచుకోదు. మనిషి ఎన్నో తరాల పాటు రాలని కంకులనే కోసుకుని, వాటినే మళ్లీ విత్తాడు. ముల్లును మామ వేళ్ల మధ్య పెట్టి ఒక దిక్కుకు లాగమన్నాను, నున్నగా జారింది. రెండో దిక్కుకు లాగితే పట్టేసింది. ముల్లు మీద రంపపు పళ్లలా సన్నని నూగు ఉంటుంది. పశువు ఒంటికి అంటుకుని పోవడానికీ, బురదలో దిగబడడానికీ అదే ఆధారం. గింజ పొట్టు తీశాను. లోపల ఎర్రటి తవుడు పొర. ఈ గింజ రాలిన వెంటనే మొలవదు, కొన్ని నెలలు నిద్రపోతుంది. చెరువు ఎండి మళ్లీ వాన పడే దాకా ఆగడం దానికి తెలుసు.

అక్కడే గట్టు మీద కూర్చుని మామకు ఐఆర్ 36 అనే వరి రకం కథ చెప్పాను. 1960ల చివర్లో ఆగ్నేయాసియా పొలాల్లో కొత్త పొట్టి వరి రకాలకు గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు పట్టుకుంది. సుడిదోమ మోసుకొచ్చే తెగులు. మొక్క కురచబడి, గడ్డి దుబ్బులా పిలకలు వేసి, కంకి వేయకుండా ఆగిపోతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా వరి నమూనాలను పరీక్షించింది. తట్టుకున్నది ఒకే ఒక్క నమూనా. అది మన ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన నివ్వరి. ఆ నమూనాలోనూ కొన్ని మొక్కలకే ఆ గుణం ఉంది. దాన్ని పంట వరితో సంకరం చేస్తూ పోగా 1976లో ఐఆర్ 36 వచ్చింది. 1980ల్లో అది ప్రపంచంలో కోటి హెక్టార్లకు పైగా సాగైంది.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "ఆ గడ్డిలో ఆ గుణం ఉన్నట్టు ముందు ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు. తెగులు రాకముందు ఆ గుణం కంటికి కనబడదు. ఆకు చూసినా, గింజ చూసినా, రుచి చూసినా బయటపడదు. శత్రువు వచ్చిన రోజే తెలుస్తుంది. మొక్కల్లో ఉంచుకోవలసిన వాటిని ముందుగా ఎంచుకోలేకపోవడానికి కారణం ఇదే. ఈ ప్రయాణమంతా నేను మామకు చెప్పాలనుకున్నది కూడా ఇదే.

తిరుగు దారిలో, నిరుడు నేను పిల్లలను తీసుకొచ్చి నివ్వరి చూపించిన గుంట దగ్గర ఆగాం. గుంట లేదు. కాలువకు రెండు వైపులా సిమెంటు వేసి, అంచులు చదును చేశారు. నీళ్లు ఇంకిపోకుండా చివరి పొలం దాకా అందుతాయి, రైతుకు అది మేలే. అయినా నాకు కడుపులో దేవినట్టయింది. ఆ గుంటలో నివ్వరి ఎన్ని వందల ఏళ్లుగా ఉందో. దాని విత్తనం నేను నిరుడు ప్లాస్టిక్ కవర్లలో కట్టి పెట్టాను. తడి ఆరకుండా కట్టినందువల్ల అంతా బూజు పట్టి పోయింది. ఈసారి కాగితపు పొట్లాలు తెచ్చుకున్నాను.

రెండో రోజు, శుక్రవారం: దుగ్గొండి వైపు, హనుమకొండ

పొద్దున చపాటా మిరప వేసే ఒక ఇంటికి వెళ్లాం. మామకు వరసకు చెల్లెలు అవుతుంది ఆ ఇల్లాలు. చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లావుగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి టమాటా మిరప అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు మాత్రం గాఢమైన ఎరుపు. పచ్చళ్లకూ, రంగు తీయడానికీ దీన్నే కోరతారు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో మామూలు మిరప కన్నా మంచి ధర పలుకుతుంది, దిగుబడి మాత్రం సంకర రకాలకన్నా తక్కువ.

తోటలో ఇంకా పూత, పిందె. ఎర్రబడడానికి సంక్రాంతి దాటాలి. ఆమె ఇంట్లోకి వెళ్లి నిరుటి విత్తనపు కాయలు తెచ్చి చాటలో పోసింది. "ఇది సింగిల్ పట్టీ, ఇది డబుల్ పట్టీ," అని కాయలు వేరుచేసి చూపించింది. నా కళ్లకు ఆ తేడా కాసేపటి దాకా దొరకలేదు. రెండో కోతలో, నిండు చెట్ల నుంచి, ముడతా ఆకారమూ సరిగా వచ్చిన కాయలనే విత్తనానికి తీస్తుందట.

"కొట్లో విత్తనం కొనరా చిన్నమ్మా?" అని అడిగాను.

"దీనికి కొట్టెక్కడిది? మా అత్త ఇచ్చింది, నేను నా కోడలికి ఇస్తాను," అంది.

ఇక్కడ మామ ప్రశ్నకు కొంత జవాబు చెప్పగలిగాను. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. అడవి మిరపలన్నీ అక్కడే. పోర్చుగీసు ఓడల్లో మన ఒడ్డుకు వచ్చి సుమారు 500 ఏళ్లు. మన గుట్టల్లో, చెరువుల కింద దానికి చుట్టాలు లేరు. ఇక్కడ దానికి ఉన్న వైవిధ్యమంతా ఇలా చాటల్లో కాయలు ఏరిన ఆడవాళ్లు 500 ఏళ్లలో కూడబెట్టినదే. నల్లతామరను తట్టుకునే గుణం ఏదైనా ఉంటే అది సముద్రం అవతలి అడవి మిరపలోనైనా దొరకాలి, ఇలాంటి ఏదో ఒక చాటలోనైనా దొరకాలి. ఊరంతా ఒకే సంకర రకం వేసినప్పుడు ఈ రెండో దారి మూసుకుపోతుంది. మామ తోటలో ఉన్నవి కూడా ఆ ఏడాది అందరూ వేసిన రకాలే.

మామ వినీ విననట్టుగా చాటలోంచి ఒక కాయ తీసి విరిచాడు, గింజలు లెక్కపెట్టుకుంటున్నట్టు చూశాడు. ఆమె నాలుగు కాయలు పొట్లం కట్టి ఇచ్చింది. రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికీ, ఇచ్చిపుచ్చుకోవడానికీ, అమ్ముకోవడానికీ 2001 నాటి మొక్కల రకాల చట్టం హక్కు ఇచ్చింది, కంపెనీ ముద్రతో అమ్మకూడదంతే. ఆమెకు ఆ చట్టం సంగతి తెలియదు. ఆమె పొట్లం కట్టింది అన్నకు.

సాయంత్రం హనుమకొండ చేరేముందు దారి పక్క గుట్ట ఎక్కాం. బండల మధ్య గడ్డిలో పాకే ఒక తీగ కోసం చూశాను, తంగేడు పొదల నీడలో దొరికింది. మూడు ఆకుల గుత్తి, చిన్న పసుపు పువ్వు, అంగుళం పొడవు కాయలు. కజానస్ స్కారబియాయిడిస్ దీని పేరు. మనం పప్పు చేసుకునే కందికి దాయాది. కింద చేలో కంది నిలువెత్తు పెరిగి పూత మీద ఉంది. ఈ తీగేమో గడ్డిలోంచి తల ఎత్తదు.

భూతద్దం తీసి మామకు ఇచ్చాను. కాయ మీద దట్టమైన నూగు, ముసలాయన చేతి మీది వెంట్రుకల్లా. కంది రైతు ఏటా ఏడ్చేది శనగపచ్చ పురుగుతోనే కదా. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల పురుగు కాయను చేరి రంధ్రం చేయాలి. ఈ నూగులో దానికి కాలు ఆనదు, నోరు కాయకు అందదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఈ తీగను కందితో సంకరం చేసి ఆ గుణాన్ని తేవాలని ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. గుణం ఒక్కటే రాదు, దానితోపాటు చిన్న కాయ, చిన్న గింజ, పాకే అలవాటు కూడా వస్తాయి. వాటిని ఒక్కొక్కటే వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది. సంబంధం కలుపుకుంటే చుట్టాలంతా ఇంటికి వస్తారు మరి.

మామ ఆ గుట్ట దిగేటప్పుడు మేకలు కాస్తున్న పిల్లవాడిని అడిగాడు, ఈ తీగ మేకలు తింటాయా అని. బాగా తింటాయి అన్నాడు వాడు.

మూడో రోజు, శనివారం: జగిత్యాల

కరీంనగర్ మీదుగా జగిత్యాల వెళ్లాం. పొలాస పరిశోధన స్థానం పేరు ఉత్తర తెలంగాణ వరి రైతులకు ఇంటి పేరు లాంటిది. జగిత్యాల సన్నాలు తిననివాళ్లు మా వైపు తక్కువ. అక్కడ ఒక శాస్త్రవేత్త మమ్మల్ని రెండు గంటలు పొలాల్లో తిప్పాడు. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన రెండు గంటలు అవే.

మాట ఉల్లికోడు మీదికి వచ్చింది. మామకు ఆ పేరు వినగానే ముఖం మారింది. దోమంత ఈగ, ఎర్రటి పొట్ట. అది పెట్టిన గుడ్డు లోంచి వచ్చిన పురుగు తడిసిన ఆకుతొడిమ వెంట కిందికి పాకి మొవ్వులోకి చేరుతుంది. అక్కడ అది విడిచే ద్రవాలకు పిలక తన దారి తప్పుతుంది. ఆకు విప్పుకోవలసిన చోట వెండి రంగు గొట్టం వస్తుంది, అచ్చం ఉల్లి కాడలా. ఆ పిలకకు కంకి రాదు. ఆ శాస్త్రవేత్త, పొలం అంచున పరీక్షకు వేసిన మళ్లలో ఒక గొట్టాన్ని పట్టి లాగి మా చేతిలో పెట్టాడు. బోలుగా, తేలికగా ఉంది. కొన దగ్గర చిన్న రంధ్రం, పురుగు ఈగై ఎగిరిపోయిన దారి. దాని పక్క వరసలో అదే రోజు నాటిన ఇంకో రకం, గొట్టం ఒక్కటీ లేదు.

ఆ పక్క వరస రహస్యం ఈశ్వరకోర అనే పాత దేశవాళీ వరిలో ఉంది. దాన్ని ఎంటీయూ 15 అనే ఇంకో వరి రకంతో కలిపి వరంగల్ పరిశోధన స్థానంలో డబ్ల్యూ 1263 అనే వంగడాన్ని తీశారు. ఆ డబ్ల్యూ వరంగల్‌దే. ఉల్లికోడును ఆపే మొదటి జన్యువును శాస్త్రం గుర్తించింది అందులోనే, పేరు జీఎం1. ఇక్కడ జీఎం అంటే జన్యుమార్పిడి కాదు, ఆ ఈగ ఇంగ్లిషు పేరులోని మొదటి అక్షరాలు. వరంగల్ వారి కావ్య రకంలోనూ అదే జన్యువు ఉంది. సాంబ మసూరి గింజ సన్నదనమూ, కావ్య మొండితనమూ ఒకచోటికి రావాలని ఆ రెండింటినీ కలిపితే పుట్టినదే జేజీఎల్ 1798, మనం జగిత్యాల సన్నాలు అని పిలిచే బియ్యం. ఈశ్వరకోరను ఒకప్పుడు కాపాడుకుంటూ వచ్చిన రైతుకు జన్యువు మాట తెలిసి ఉండదు. ఆయన ఏ కారణంతో దాన్ని వదల్లేదో, బహుశా గడ్డి కోసమో, రుచి కోసమో.

రెండో మూలం థాయిలాండ్ నుంచి వచ్చిన సియాం 29. దానితో ఫల్గుణ రకం వచ్చింది. ఈ రెండు జన్యువులూ పురుగును చంపే పద్ధతి ఒకటి కాదు. ఫల్గుణలో పురుగు చేరిన చోట కణాలు తామే గోధుమ రంగుకు తిరిగి చచ్చిపోతాయి, మేత లేక పురుగు చస్తుంది. డబ్ల్యూ 1263లో ఆ మచ్చ కనబడదు, పురుగు మాత్రం కొద్ది రోజుల్లోనే చస్తుంది. రెండు వేర్వేరు ఊళ్లలో పెరిగిన రెండు వరులు ఒకే శత్రువుకు రెండు వేర్వేరు తాళాలు తయారు చేసుకున్నాయి.

"అయితే ఇంక భయం లేదన్నమాట," అన్నాడు మామ.

శాస్త్రవేత్త తల అడ్డంగా ఊపాడు. పురుగు కూడా ఊరుకోదట. జగిత్యాల వైపు పురుగును మూడో రకం అంటారు, అది ఫల్గుణను లెక్కచేయదు, ఈశ్వరకోర జన్యువుకు లొంగుతుంది. ఉత్తర కోస్తాలో బయటపడిన నాలుగో రకానికి ఆ రెండూ చాలవు. వరంగల్ పురుగుకు 4ఎం అని వేరే పేరు పెట్టవలసి వచ్చింది, అది ఇంకా మొండిది. సుమారు 120 కిలోమీటర్ల దూరంలో పురుగు వేరు, దానికి పనికొచ్చే వరి వేరు. అందుకే కొత్త వంగడాన్ని ఒక్క చోట పరీక్షించి ఊరుకోరు.

నాకు అక్కడ ఒక సంగతి తేటపడింది. ఢిల్లీలోని జాతీయ జన్యు నిధిలో మైనస్ 18 డిగ్రీల చలిలో విత్తనాలు దాస్తారు. అది అవసరమే, లేకపోతే ఎన్నో రకాలు ఈపాటికి పూర్తిగా పోయేవి. కానీ చలి గదిలో విత్తనం ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. బయట పురుగు ఏటా మారుతూనే ఉంటుంది. పాకాల కింద గుంటలో ఉన్న నివ్వరి మాత్రం ఆ పురుగుతో, ఆ తెగులుతో, ఆ కరువుతో ప్రతి ఏడూ తలపడుతూ తానూ మారుతుంది. గదిలో ఉన్నది నిరుటి జవాబు, గుంటలో ఉన్నది ఇంకా సాగుతున్న లెక్క. రెండూ కావాలి. మొదటి దానికి మనం గట్టి తలుపులు పెట్టాం, రెండో దాన్ని కాలువ పనులకు వదిలేశాం.

వచ్చేటప్పుడు నువ్వుల మడి దగ్గర ఆగాం. నువ్వులకు కూడా పొలాస పేరున్న చోటు, జగిత్యాల తిల్-1 ఇక్కడిదే. పూలన్నీ ఆకులుగా మారిపోయే వెర్రి తెగులు గురించి మామ అడిగాడు. దాన్ని తట్టుకునే గుణం కూడా అడవి నువ్వులో దొరికిందని చెప్పాను. సెసామమ్ ములయానమ్, మన దేశపు మొక్కే, సాగు నువ్వుకు తల్లి లాంటిది.

నాలుగో రోజు, ఆదివారం: ధర్మపురి, జన్నారం, ఉట్నూరు

ధర్మపురిలో గోదావరి స్నానం, నరసింహస్వామి దర్శనం. రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట, జన్నారం. అక్కడి నుంచి కవ్వాల్ అడవి. దిగకుండా పోయాం.

అడవి దాటాక నల్లరేగడి, ఎటు చూసినా పత్తి. ఒకప్పుడు ఆదిలాబాద్, నాందేడ్ వైపు గావరాని అనే దేశవాళీ పత్తికి పేరు. దేశవాళీ పత్తికి 26 క్రోమోజోములు, ఇప్పుడు చేలన్నిటా ఉన్న అమెరికా జాతి పత్తికి 52. అందుకే ఒకదాని గుణం ఇంకోదానికి తేవడం తేలిక కాదు. రసం పీల్చే పురుగులకూ, నీటి ఎద్దడికీ దేశవాళీ బాగా ఓర్చుకుంటుంది. దాని దూది పోగు పొట్టిది, మిల్లులకు పొడవు కావాలి.

ఒక పత్తి చేను గట్టున నా కళ్లు తీగ మీద పడ్డాయి. బుడమకాయ! కారు ఆపమన్నాను. కోడిగుడ్డు కన్నా చిన్న కాయలు, పచ్చని చారలు, పండినవి పసుపు. ఎవరూ విత్తరు. పోయినేడు పడిన గింజ తొలకరికి మొలిచి, పత్తి మొదళ్ల మధ్య పాకుతుంది. చేను గల అమ్మ ఒడిలో వేసుకుని తీసుకెళ్లమంది. "కలుపు మందు కొట్టిన చేలో ఇప్పుడు ఇవి లేవు. ఇక్కడ నేను చేత్తో తీస్తాను కాబట్టి వదిలేస్తాను," అంది. బుడమకాయలను చక్రాలుగా కోసి, ఉప్పు, మజ్జిగ పట్టించి ఎండబెడితే వరుగులు. అన్నంలోకి వేయించుకుంటే ఆ పులుపూ చేదూ కలిసిన రుచి ఇంకే కాయకూ రాదు. మా ఇంట్లో వానాకాలమంతా డబ్బా నిండా ఉండేవి.

బుడమ పరాయిది కాదు. కుకుమిస్ మెలో, అంటే ఖర్బూజా, పచ్చి దోస, నక్కదోస అన్నీ ఒకే జాతి, అందులో అడవి రూపం ఇది. 1920ల్లో అమెరికాలో కాలిఫోర్నియా ఖర్బూజా తోటలను బూడిద తెగులు ముంచేసినప్పుడు అక్కడి వాళ్లు మన దేశం నుంచి తెప్పించుకున్న దోస జాతి విత్తనంలోనే దాన్ని తట్టుకునే గుణం దొరికింది. 1936లో పీఎంఆర్ 45 అనే ఖర్బూజా రకంగా అది రైతులకు చేరింది. అక్కడ దేశం దాటి వచ్చి వెతుక్కున్న దాన్ని ఇక్కడ మనం కలుపు మందుతో చంపుకుంటున్నాం. ఆ అమ్మ చేను గట్టు మీద కూర్చుని ఒక పండు బుడమను కోసి పంచుకున్నాం. గింజలను మామ ఉమ్మేయకుండా రుమాలులో వేసుకోవడం చూశాను. నేనేమీ అనలేదు.

రాత్రి ఉట్నూరులో బస.

అయిదో రోజు, సోమవారం: ఇంద్రవెల్లి సంత

పొద్దున్నే సంత. గోండు, కోలాం, మరాఠీ మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వినబడతాయి. నాకు గోండి రాదు, సంతలో ఉప్పు అమ్మే కుర్రవాడు మాట సాయం చేశాడు.

ఒక పెద్దావిడ గోనె పరిచి జొన్న కంకులు పెట్టుకుంది. అమ్మకానికి తెచ్చిన జొన్నలు పక్కన సంచిలో ఉన్నాయి. కంకులు వేరే, నాలుగు తీర్లుగా. ఒకటి గుప్పిటి పట్టు పట్టినట్టు ముద్దగా, ముత్యాల తెలుపు. ఇంకోటి కొంగ మెడలా కిందికి వంగి ఉంది. మూడోది చెదిరిన చీపురులా విచ్చుకుని, గింజ మీద నల్లని పొట్టు గట్టిగా పట్టి ఉంది. నాలుగోది చిన్న గింజ, గాజులా గట్టిది. "పేలాల జొన్న," అంది ఆమె తెలుగులోనే. పండుగకు పేలాలు వేయించేది దీన్నే.

విచ్చుకున్న కంకిని చేతిలోకి తీసుకున్నాను. వాన పడితే ముద్ద కంకిలో నీరు నిలిచి గింజకు బూజు పడుతుంది. దీనిలో గాలి ఆడుతుంది, నీరు జారిపోతుంది, ఆపైన పొట్టు కప్పి ఉంటుంది. వంగిన కంకి మీద పిట్ట వాలి కుదురుగా కూర్చోలేదు. ఈ పాత రకాలు పగటి పొద్దు తగ్గే దాకా పూతకు రావు, కాబట్టి గింజ నిండే వేళకు వానలు వెనుకబడతాయి. ఎకరానికి బస్తాల లెక్కలో సంకర జొన్న వీటిని ఎప్పుడో దాటిపోయింది. ఆశ్వయుజంలో ముసురు పట్టిన ఏడు మాత్రం సంకర జొన్న నల్లబడి పశువులకు పోతుంది, ఇది ఇంటికి వస్తుంది. అందుకే ఆమె అన్నీ కొంచెం కొంచెం వేస్తుంది. చేను ఎంతని అడిగితే నాలుగెకరాలంది. అందులో పత్తి మూడు, జొన్న ఒకటి. ఆ ఒక్క ఎకరంలో నాలుగు జొన్నలు, వాటి మధ్య కంది, పెసర, అనుములు.

మామ పేలాల జొన్న కంకి ఎంతని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అది అమ్మకానికి కాదు, చుట్టాలకు చూపించడానికి తెచ్చింది, వియ్యాలవారు సంతకు వస్తారట, వాళ్ల దగ్గర ఈ విత్తనం పోయిందట. మామ మళ్లీ అడిగాడు, ధర రెట్టింపు ఇస్తానన్నాడు. ఆమె ఈసారి కొంచెం కోపంగానే ఏదో అంది. కుర్రవాడు చెప్పాడు. "విత్తనం అమ్మకూడదట అయ్యా. కావాలంటే నాగుకు తీసుకోమంటోంది."

మామ ముఖం విప్పారింది. నాగు అనే మాట మా వైపు ఇప్పుడు ఎవరూ అనరు. ఆయన చిన్నప్పుడు వడ్లు అయిపోతే పక్కింటి నుంచి నాగుకు తెచ్చేవారు. పుట్టెడు తెచ్చుకుంటే పంట మీద పుట్టిన్నర కొలిచి ఇవ్వాలి.

ఆమె సోలెడు జొన్నలు కొలిచి మామ కండువా కొంగులో పోసింది. తలగొట్టి పోయకుండా నిండుగా పోసింది. ఊరి పేరు, ఇంటి గుర్తు చెప్పింది, వచ్చే దీపావళి తర్వాత సంతకు రమ్మంది. మామ తన ఊరి పేరు చెప్పాడు. ఆమె ఆ ఊరు ఎక్కడని అడగలేదు, ఎన్ని రోజుల దారి అని అడిగింది.

కారులో కొంగు ముడి విప్పి, సగం నా కాగితపు పొట్లంలో వేశాడు. మిగతా సగం మళ్లీ ముడి వేసుకున్నాడు. నిర్మల్ దాటేదాకా మిరప మాట రాలేదు. దాటాక అన్నాడు, "వచ్చే వానాకాలం ఇంటి వెనక పది గుంటల్లో ఇవి వేస్తాను. మిరప పక్కన వేయను, చెరకు వైపు వేస్తాను. పిట్టల కాపలాకు ఎవరినైనా పెట్టాలి." కాసేపు ఆగి మళ్లీ, "సోలెడున్నర ఇవ్వాలి కదా, సరిపోతుందా పది గుంటలు?" అని అడిగాడు.